మూడు రోజుల సత్రం, కొట్టకూడని చెట్లు: మయోర్కా కొండల్లో ఒక ఆర్చ్‌డ్యూక్

స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపంలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఆస్ట్రియా రాజకుటుంబానికి చెందిన ఒకాయన అక్కడ కొండ అంచున, సముద్రానికి ఎదురుగా ఉన్న సోన్ మరోచ్ అనే ఎస్టేటు కొన్నాడు. బేరమాడకుండా అడిగినంతా ఇచ్చేశాడు. ఆ ధర విని ఊళ్లో ఒకాయన, ఈ రాళ్లకీ రప్పలకీ అంత పోస్తారా అని ఆశ్చర్యపోయాడట. ఎస్టేటు కింద సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక రాతి కొమ్ము ఉంది. పేరు నా ఫొరదాదా, అంటే చిల్లు పడినది. దాని మధ్యలో దాదాపు 18 మీటర్ల వెడల్పున గాలీ కెరటాలూ తొలిచిన రంధ్రం. ‘నేనిచ్చింది ఆ చిల్లుకి కూడా సరిపోదు’ అన్నాడట కొన్నాయన.

కథకు కొంత మెరుగు పెట్టి ఉంటారు, పెట్టకుండా ఎవరు చెబుతారు? కానీ అందులో విషయం ఉంది. 1870ల మయోర్కాలో భూమి విలువ అంటే ఆలివ్ నూనె ఎన్ని కుండలొస్తుంది, బొగ్గుకి ఎంత కలప దొరుకుతుంది, ఎన్ని గొర్రెలు మేస్తాయి అనే లెక్కే. కనిపించే దృశ్యానికి ధర కట్టే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ఆ అలవాటు తెచ్చినవాడు ఈయన. పేరు లుడ్విగ్ సాల్వటోర్. ఆస్ట్రియా రాజకుటుంబంలో పుట్టినవాళ్లకుండే ఆర్చ్‌డ్యూక్ బిరుదు ఆయనకూ ఉంది. ద్వీపం జనానికి మాత్రం ఈనాటికీ ఒట్టి ‘ఆర్చ్‌డ్యూక్’ అంటే చాలు, ఏ ఆర్చ్‌డ్యూక్ అని ఎవరూ అడగరు.

ఆయన పాత ఎస్టేట్లను బాగు చేయించిన తీరు గురించి రాసేవాళ్లు ఎక్కువగా పాలరాతి మండపం దగ్గరా, గదుల్లో ఉన్న పింగాణీ దగ్గరా ఆగిపోతారు. అసలు పని ఇంటి బయట జరిగింది. ఇంటికి చేసిన అలంకరణ కంటే, కొండకు చేయకుండా వదిలేసిన పనులే ఆయన మిగిల్చిన ఆస్తి.

ముందు ఆ ఎస్టేట్లు ఎలాంటివో చూడాలి. మయోర్కాలో పెద్ద వ్యవసాయ ఎస్టేటును పొసెస్సియో అంటారు. మన గడీని గుర్తు చేస్తుంది గానీ అచ్చం గడీ కాదు. మందపాటి రాతి గోడల ఇల్లు, మధ్యలో క్లాస్త్రా అనే రాళ్లు పరిచిన వాకిలి, ఒక పక్క తఫోనా అనే ఆలివ్ గానుగ, ఇంకో పక్క యజమాని గదులు. ఆ యజమాని ఏడాదిలో ఎక్కువ కాలం పాల్మా పట్నంలోనే ఉంటాడు. ఎస్టేటును నడిపేది కౌలుదారు, అతని భార్య. స్పానిష్‌లో ‘అమో’ అంటే యజమాని. మయోర్కా పల్లెల్లో మాత్రం ఆ మాట కౌలుదారుకి వాడతారు. ఎవరి చేతిలో పని నడుస్తుందో భాషకు తెలుసు.

ద్వీపానికి వాయవ్యంగా దాదాపు 90 కిలోమీటర్ల పొడవున సాగే త్రముంతానా కొండల్లో చదునైన నేల దొరకడమే కష్టం. అందుకే వాలు మీద మెట్లు మెట్లుగా గోడలు కట్టి, మట్టి నిలిపి, ఆలివ్ చెట్లు పెంచారు. ఆ గోడల్లో సున్నం ఉండదు, బంకమట్టి ఉండదు. రాయి మీద రాయి కుదిర్చి పేర్చడమే. రాళ్ల సందుల్లోంచి వాన నీళ్లు బయటికి పోతాయి కాబట్టి గోడ మీద నీటి ఒత్తిడి పడదు. ఈ పని చేసేవాళ్లను మర్జేర్లు అంటారు. కాలవలూ నీటి పంపకాల్లో చాలా భాగం 1229కి ముందు, ద్వీపం ముస్లిం పాలనలో ఉన్నప్పటి విద్య. ఆ ఏడాది అరగోన్ రాజు మొదటి జౌమె ద్వీపాన్ని గెలిచాక యజమానులు మారారు, గోడలు మాత్రం అలాగే నిలిచాయి.

1835-36లో స్పెయిన్ ప్రభుత్వం క్రైస్తవ మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకుని వేలం వేసింది. వాల్దెమోసా ఊళ్లోని పెద్ద మఠం ఖాళీ అయింది. సన్యాసులు వెళ్లిపోయిన ఆ గదుల్లోనే 1838-39 చలికాలంలో సంగీతకారుడు షోపాన్, రచయిత్రి జార్జ్ సాండ్ అద్దెకు దిగారు. ఆ తర్వాత ఆమె మయోర్కా జనం గురించి రాసింది చదివితే, ఆ చలికాలం ఎవరికీ బాగా గడవలేదని అర్థమవుతుంది. ఆ ఊరికి కొద్ది దూరంలో, దెయా వెళ్లే దారిలో ఉన్న మిరమార్ పరిస్థితి ఇంకా అధ్వానం. అది అప్పటికే పాడుబడ్డ కట్టడం.

లుడ్విగ్ సాల్వటోర్ 1847లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. తండ్రి రెండో లియోపోల్డ్, ఆస్ట్రియా రాజకుటుంబపు శాఖకు చెందినవాడు, ఇటలీలోని టస్కనీని ఏలిన గ్రాండ్ డ్యూక్. 1859లో ఆ కుటుంబం అధికారం పోగొట్టుకుని బొహీమియాకు, అంటే ఇప్పటి చెక్ దేశానికి చేరింది. అంటే పన్నెండేళ్ల వయసులోనే ఇల్లు పోయిన రాజకుమారుడు. దీన్ని బట్టి ఆయన మనసును విశ్లేషించే పని పెట్టుకోనక్కర్లేదు గానీ, జీవితమంతా ఓడలో తిరుగుతూ గడిపినవాడు ఒక్క తీరం దగ్గర మాత్రం ఇల్లు మీద ఇల్లు కొంటూ పోయాడన్నది గమనించదగ్గ విషయం.

ఆయన 1867లో మొదటిసారి మయోర్కా వచ్చింది కొనడానికి కాదు, చూసి రాసుకోవడానికి. మొక్కలు, పురుగులు, జనం, పనిముట్లు, పాటలు, ధరలు, అన్నీ కావాలి. పెద్ద ప్రశ్నావళి తయారు చేసి ఊరి పెద్దలకూ చర్చి ఫాదర్లకూ పంపేవాడు. మారుపేరుతో, కౌంట్ నోయెన్‌డోర్ఫ్‌గా తిరిగేవాడు. ఇలా పోగేసిన సమాచారంతో మయోర్కా, దాని పక్క దీవులు కలిసిన బలియారిక్ దీవుల మీద ఆయన రాసిన మహాగ్రంథం 1869లో మొదలై 1891 దాకా సంపుటాలుగా వచ్చింది. 1878 పారిస్ ప్రదర్శనలో దానికి బంగారు పతకం దక్కింది. ఇల్లు బాగు చేయించే ముందు ఆ ఊళ్లో తలుపు గడియ ఎలా చేస్తారో, కప్పు ఎలా వేస్తారో బొమ్మలు గీసుకున్న ఆసామి ఎంతమంది ఉంటారు? ఆయన చేసిన మరమ్మతుల్లో మంచి ఏదైనా ఉంటే దాని వేరు ఈ ఓపికలో ఉంది.

1872లో ఆయన కొన్న మొదటి ఆస్తి మిరమార్. దానికి ఆరు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మయోర్కాలో పుట్టిన తత్వవేత్త రమోన్ ల్యుల్ 1276లో అక్కడ ఒక మఠం పెట్టించాడు. పదమూడు మంది ఫ్రాన్సిస్కన్ సన్యాసులకు అరబిక్ నేర్పి, ముస్లింలతో వాదించి క్రైస్తవంలోకి మార్చడానికి పంపాలని ఆలోచన. మయోర్కా రాజు రెండో జౌమె ఏటా 500 బంగారు ఫ్లోరిన్లు కేటాయించాడు. పోప్ అనుమతి వచ్చింది. అయినా ఇరవై ఏళ్లు గడవకుండానే ఆ బడి మూతపడింది. తర్వాత వేర్వేరు సన్యాసులు వచ్చిపోయారు. 1485లో మయోర్కాలోనే మొదటి ముద్రణాలయం ఇక్కడ నడిచింది. 19వ శతాబ్దానికి వచ్చేసరికి మిగిలింది కొన్ని గోడలు, గొప్ప పేరు.

ఇలాంటి చోట మరమ్మతు అంటే ఏం చేయాలి? ఆ కాలం యూరప్‌లో ఇది పెద్ద తగాదా. ఫ్రాన్సులో వియొలె-లె-దుక్ అనే వాస్తుశిల్పి పాత కట్టడాన్ని పూర్తి రూపానికి తేవాలన్నాడు, అది గతంలో ఎన్నడూ లేని రూపమైనా సరే. ఇంగ్లాండులో కళా విమర్శకుడు రస్కిన్ దానికి మండిపడ్డాడు, పునరుద్ధరణ పేరుతో చేసేది ధ్వంసమే అన్నాడు. మన దగ్గరా జీర్ణోద్ధరణ అనగానే పాత రాతి స్తంభాలకు ఎనామిల్ పెయింటు, గచ్చు తీసేసి గ్రానైటు పలకలు గుర్తొస్తాయి. కాబట్టి ఈ తగాదా దూరదేశం గొడవలా అనిపించదు.

ఆర్చ్‌డ్యూక్ ఈ రెండు దారుల మధ్య కుదురుగా నిలబడ్డాడని చెప్పలేం. మిరమార్‌లో ల్యుల్ నాటి మఠాన్ని మళ్లీ కట్టడానికి ప్రయత్నించలేదు, అది మెచ్చుకోవాలి. కానీ ఖాళీగానూ వదల్లేదు. పాల్మాలో సాంతా మార్గలీదా అనే 13వ శతాబ్దపు సన్యాసినుల మఠం ఆవరణలోని గోథిక్ స్తంభాలు కొన్నిటిని తెచ్చి తోటలో నిలబెట్టాడు. ఈ రోజు మిరమార్‌కి వెళ్లినవాళ్లు ఆ సన్నని స్తంభాల ముందు నిలబడి, ల్యుల్ ఇక్కడే నడిచి ఉంటాడు అనుకుంటూ ఫొటో దిగుతారు. ల్యుల్ ఆ స్తంభాల మధ్య నడిచి ఉంటే పాల్మాలో నడిచి ఉండాలి. ఒక శిథిలాన్ని పట్టుకెళ్లి ఇంకో శిథిలానికి అతికించడం అది. ఆ స్తంభాలు పాల్మాలోనే ఉంటే ఏ గతి పట్టేవో అన్నది వేరే ప్రశ్న. వేలంలో పోయిన ఆ మఠం సైనిక ఆసుపత్రిగా మారింది.

1877లో ల్యుల్ పేరిట మిరమార్‌లో గుండ్రటి చిన్న ప్రార్థనా మందిరం కూడా కట్టించాడు. మఠం పుట్టి ఆరు వందల ఏళ్లు అయిన సందర్భం. ల్యుల్‌ను రాళ్లతో కొట్టారని సంప్రదాయం చెప్పే ఉత్తర ఆఫ్రికా పట్నం బుజీ నుంచి ఒక రాయి తెప్పించి పునాదిలో వేయించాడు. ఇది చరిత్రకారుడి పని కాదు, భక్తుడి పని. మన ఊళ్లలో గుడికి పునాది వేసేటప్పుడు కాశీ నుంచి మట్టి, గోదావరి నుంచి నీళ్లు తెప్పిస్తారే, ఆ వరస. ఆ మందిరం తర్వాతి కాలంలో పాడుబడింది. మొత్తానికి మిరమార్ ఇవాళ చూపించేది 13వ శతాబ్దాన్ని కాదు, 13వ శతాబ్దాన్ని ప్రేమించిన 19వ శతాబ్దాన్ని. బోర్డు మీద అలా రాస్తే టికెట్లు తగ్గుతాయేమో గానీ నిజానికి అదే ఎక్కువ ఆసక్తికరం.

ఇక ఇంటి లోపల. ఆస్ట్రియాను ఏలిన హాప్స్‌బర్గ్ వంశపు రాజకుమారుడి ఇల్లంటే షాండిలియర్లు, బంగారు పూత కుర్చీలు ఊహించుకుంటాం. మిరమార్‌లో, సోన్ మరోచ్‌లో కనిపించేవి సున్నం వేసిన తెల్లటి గోడలు, ముదురు చెక్క దూలాలు, మయోర్కా వడ్రంగులు చేసిన మంచాలు, బీరువాలు, పాత పింగాణీ పళ్లేలు, తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులు, పుస్తకాలు. పొసెస్సియోలో కలిగిన రైతు ఎలా ఉండేవాడో అలాగే, కాస్త ఎక్కువ సామానుతో. ఇది పేదరికం కాదు, ఎంపిక. అప్పటి మయోర్కా పెద్దింటివాళ్లు పారిస్ నుంచి వాల్‌పేపర్ తెప్పించుకోవాలని చూస్తుంటే, పారిస్ వాల్‌పేపర్‌తో పెరిగి విసిగినవాడు వాళ్ల అటకల మీద సామాను అడిగి కొన్నాడు. పాత సామానుకి విలువ పెరగాలంటే ముందు దాన్ని కొత్తగా చూసే బయటివాడు రావాలి కాబోలు. హైదరాబాద్‌లో ఇప్పుడు పాత ఇళ్ల టేకు తలుపులు కొని రెస్టారెంట్లలో పెట్టడమూ ఇలాంటిదే.

మయోర్కా ఇళ్ల అలంకరణలో తెలుగువాళ్లు చూడగానే పోల్చుకునే వస్తువు ఒకటుంది. కిటికీ తెరలకీ దుప్పట్లకీ కుర్చీ గలీబులకీ అక్కడ వాడే బట్టను ‘నాలుకల బట్ట’ అంటారు. తెల్లటి నేల మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులు మంటల నాలుకల్లా అంచులు చెదిరి ఉంటాయి. చూస్తే పోచంపల్లి గుర్తొస్తుంది. గుర్తు రావడం తప్పు కాదు, పద్ధతి అదే. నేయక ముందే నూలును గట్టిగా కట్టి రంగులో ముంచడం, కట్టిన చోట రంగు ఎక్కకపోవడం, విప్పి మగ్గం మీద పెడితే అంచులు కొద్దిగా జరిగి ఆ చెదిరిన అందం రావడం. మయోర్కా వాళ్లు పడుగుకే రంగు కడతారు. పోచంపల్లిలో పేకకి కూడా చిటికి కడతారు కాబట్టి లెక్క ఇంకా కష్టం. ఆసియా నుంచి పట్టు వ్యాపారం దారిన ఈ విద్య మధ్యధరా ప్రాంతానికి వెళ్లిందంటారు. ఇప్పుడు మయోర్కాలో దీన్ని నేసే కుటుంబాలు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

అలంకరణలో ఆయన సాదాతనం రెండు చోట్ల తప్పింది. రెండూ పాలరాయే. ఒకటి మిరమార్‌లోని స్మారకం. ఆయన కార్యదర్శి, చెక్ యువకుడు విబోర్నీ 1877లో మయోర్కాలోనే చనిపోయాడు. ఎండదెబ్బ అంటారు. మిలాన్ శిల్పి అంతోనియో తంతార్దీనితో ఆ కుర్రాడి శిల్పం చేయించి పెట్టాడు. వాలిపోతున్న యువకుడు, పక్కన దేవదూత. ఎస్టేటంతా ఉప్పుగాలీ ఆలివ్ ఆకులూ అయితే ఈ ఒక్క మూల మాత్రం ఇటలీ శ్మశానం. రెండోది సోన్ మరోచ్ తోట అంచున ఇటలీలోని కరారా పాలరాతితో కట్టించిన గుండ్రటి మండపం. పోస్టుకార్డుల మీద వచ్చేది ఇదే. నిజం చెప్పాలంటే ఆ కొండకి ఆ మండపం నప్పదు. దాని ఉపయోగం అది బాగుండటంలో లేదు, అక్కడ నిలబడితే ఏం కనిపిస్తుందన్న దాంట్లో ఉంది. కింద నా ఫొరదాదా, దాని చిల్లులోంచి సముద్రం.

ఆయన అసలు పని అక్కడ మొదలవుతుంది. మిరమార్ తర్వాత ఆయన సోన్ మరోచ్, సెస్తాకా, సోన్ మొరాగెస్, సోన్ గల్యార్ద్ వంటివి ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోయాడు. చివరికి వాల్దెమోసా, దెయా ఊళ్ల మధ్య తీరంలో చాలా భాగం ఒక్కరి చేతిలోకి వచ్చింది. మామూలు భూస్వామి అయితే సరిహద్దు గోడలు ఎత్తు చేస్తాడు. ఈయన దారులు వేయించాడు. ఒక ఎస్టేటు నుంచి ఇంకో ఎస్టేటుకి, అడవిలోంచి, కొండ శిఖరాల మీదుగా కంచర గాడిద నడిచేంత వెడల్పున రాతి దారి. ఇప్పటికీ దాన్ని ఆర్చ్‌డ్యూక్ దారి అనే పిలుస్తారు. ఎత్తు 900 మీటర్లు దాటిన చోట ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పాల్మా మైదానం. ఎక్కడెక్కడ ఆగి చూడాలో కూడా ఆయనే తేల్చి, అంచున పిట్టగోడలు కట్టించి, కూర్చోవడానికి రాతి అరుగులు వేయించాడు. వాటిని మిరదోర్ అంటారు, చూసే చోటు అని.

ఇందులో తెలివి ఏమిటంటే, కట్టిన వస్తువు ఏదీ దృష్టిని ఆపదు. పిట్టగోడ అక్కడి రాయే, పేర్చింది అక్కడి మర్జేరే, పద్ధతి ఆలివ్ తోట గోడ పద్ధతే. దూరం నుంచి చూస్తే మిరదోర్ ఎక్కడుందో కనబడదు. ఇంటి గదిలో కిటికీ ఎక్కడ పెట్టాలో ఆలోచించినట్టు ఆయన కొండకు కిటికీలు పెట్టాడు. గదుల లోపలి అలంకరణ మీద పోసే డబ్బూ శ్రద్ధా బయట పోశాడు.

దానికి తోడు నిషేధం. తన ఎస్టేట్లలో చెట్టు కొట్టకూడదు. బుడిపెలు తేలి, మెలికలు తిరిగి, బోలుగా మారి కాపు తగ్గిపోయిన వెయ్యేళ్ల ఆలివ్ చెట్టయినా సరే. పక్క రైతు చెట్టు కొట్టబోతుంటే డబ్బిచ్చి ఆపేవాడని కూడా చెబుతారు. వేటకీ అంతే. ఇక్కడ మాత్రం ఆగి ఇంకో వైపు నుంచి చూడాలి. త్రముంతానా ఓక్ అడవులు ఊరికే ఉన్న అడవులు కావు. అక్కడ బొగ్గు కాల్చేవాళ్లు నెలల తరబడి కుటుంబాలతో గుడిసెలు వేసుకుని బతికేవారు. వాళ్ల గుండ్రటి బట్టీ అరుగులు ఇప్పటికీ అడవి నిండా కనిపిస్తాయి. సున్నపు బట్టీలకూ కట్టెలు కావాలి. చెట్టు కొట్టొద్దు అనడం రాజభరణం అందే మనిషికి సులువు. అడవిని పనిచేసే చోటు నుంచి చూసే చోటుగా మార్చడమంటే ఒక బతుకుతెరువును తీసి ఇంకోటి పెట్టడమే. ఆయన దారుల మీదా గోడల మీదా చాలామందికి పని దొరికింది, నిజమే. కానీ ఆ పని ఆయన ఉన్నంతవరకే.

సెస్తాకా ఎస్టేటు దీనికి కొంత భిన్నం. అది సముద్రానికి దగ్గరగా, వెచ్చగా ఉండే వాలు. అక్కడ ద్రాక్ష తోటలు పెంచాడు, సిసిలీ దగ్గరి దీవుల ఇళ్లను పోలిన తెల్లటి, చదును కప్పు ఇల్లు కట్టించాడు. అంటే ఇక్కడ మయోర్కా పద్ధతిని పక్కన పెట్టి, ఓడలో తిరిగినప్పుడు నచ్చిన ఇంటిని దింపాడు. దాన్ని నడిపింది వాల్దెమోసా వడ్రంగి కూతురు కతలీనా ఓమార్. 1869లో పుట్టిన ఆమె చిన్న వయసులోనే ఆయన కొలువులోకి వచ్చింది. చదవడం, రాయడం, భాషలు నేర్చుకుంది, ఆయనతో ఓడలో దేశాలు తిరిగింది, కూలీల చేత పని చేయించింది. మాల్వాసియా రకం ద్రాక్షతో ఆమె చేయించిన వైన్‌కు ప్రదర్శనల్లో బహుమతులొచ్చాయి. 1905లో చనిపోయింది. ఆయన అదే ఏడాది ఆమె మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. వాళ్ల మధ్య ఉన్నది ఏమిటని ఊరు వందేళ్లుగా గుసగుసలాడుతోంది. ఎస్టేటు చరిత్రకు కావలసింది మాత్రం ఇది: ఆయన పేరు మీద నడిచిన ఇళ్లలో లాభసాటిగా, పద్ధతిగా నడిచిందని పేరు తెచ్చుకున్నది ఒక వడ్రంగి కూతురు చేతిలో ఉన్నదే.

అతిథుల సంగతి చెప్పకుండా ఈ ఇళ్ల గురించి చెప్పడం కుదరదు. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ 1892లో, మళ్లీ 1893లో వచ్చింది. కానీ ఆయన కట్టిన వాటిలో అన్నిటికంటే ముచ్చటైంది మహారాణుల కోసం కాదు. మిరమార్ దగ్గర రోడ్డు పక్కన మదో పీల్యా ఇల్లు అనే సత్రం నడిపాడు. ఎవరైనా రావచ్చు, మూడు రోజులు ఉండొచ్చు, డబ్బు అక్కర్లేదు. పడక, కట్టెలు, నూనె, ఉప్పు, ఆలివ్ కాయలు ఎస్టేటువి. మిగతా తిండి ఎవరిది వాళ్లు తెచ్చుకుని వండుకోవాలి. మన పాత సత్రాల స్వయంపాకం ఏర్పాటు, మూడు రోజుల గడువుతో సహా. హోటళ్లు లేని ఆ తీరానికి నడిచి వచ్చేవాళ్లు మొదలైంది దీంతోనే. మయోర్కా టూరిజం చరిత్ర రాసేవాళ్లు పెద్ద హోటళ్ల నుంచి మొదలుపెడతారు గానీ, మొదటి అధ్యాయం ఈ ఉచిత సత్రానిది.

ఆయన వేషం మీద కథలు లెక్కలేనన్ని. చిరిగిన కోటు, మాసిన చొక్కా. ఒకసారి బురదలో ఇరుక్కున్న బండిని తోసి సాయం చేస్తే, బండివాడు ఎవరో కూలీ అనుకుని చేతిలో చిల్లర పెట్టాడట. నా కష్టంతో సంపాదించిన మొదటి డబ్బు ఇదే అన్నాడట ఈయన. నవ్వొస్తుంది, కానీ ఆ మాట అక్షరాలా నిజం కూడా. ఇన్ని ఎస్టేట్లు, నిక్సె అనే ఆవిరి ఓడ, అది 1893లో అల్జీరియా తీరంలో మునిగిపోతే ఇంకో ఓడ, సొంత ఖర్చుతో అచ్చువేసిన భారీ పుస్తకాలు, ఇవన్నీ నడిచింది హాప్స్‌బర్గ్ కుటుంబం ఇచ్చే భరణం మీద. ఆ భరణం వెనక ఉన్నది సామ్రాజ్యం.

ఆ సామ్రాజ్యం మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక తీరం దూరమైంది. 1914 నాటికి ఆయన మయోర్కాలో లేడు. ట్రియెస్ట్ దగ్గరి ఇంటి నుంచి బొహీమియాలోని బ్రాందీస్ కోటకు చేర్చారు. 1915 అక్టోబరులో అక్కడే చనిపోయాడు. మయోర్కా ఆస్తులు ఆయన కార్యదర్శి అంతోని వీవెస్‌కు దక్కాయి. రాజకుటుంబానికి కాక ఒక ఉద్యోగి కుటుంబానికి పోవడం వల్ల ఒక మేలు జరిగింది. వీవెస్ వారసులు ద్వీపంలోనే ఉండి సోన్ మరోచ్‌ను మ్యూజియంగా నిలబెట్టారు. మిగతావి కాలక్రమంలో చేతులు మారాయి. సోన్ మొరాగెస్‌లో పెద్ద భాగం ప్రభుత్వానికి వచ్చింది. సెస్తాకాను 1990 ప్రాంతంలో హాలీవుడ్ నటుడు మైఖేల్ డగ్లస్ కొన్నాడు. ఒక దండ తెగి పూసలు తలో చోటికి పోయినట్టు, కానీ పూసలు పగలలేదు.

2011లో యునెస్కో త్రముంతానా కొండలను సాంస్కృతిక భూదృశ్యంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఘనత అంతా ఆర్చ్‌డ్యూక్‌దని అనడం అన్యాయం. ఆ గోడలు కట్టింది ఆయన పుట్టకముందు వందల ఏళ్ల పాటు పనిచేసిన, పేర్లు మిగలని మనుషులు. కాకపోతే ఆ గోడలను వ్యవసాయపు పనిముట్టుగా కాక చూడదగ్గ వస్తువుగా యూరప్‌కు చూపించింది ఆయన పుస్తకాలు, ఆయన అరుగులు. అదే చూపు ఇప్పుడు ఇంకో రూపంలో తిరిగొచ్చింది. దెయాలో ఒక రాతి ఇల్లు కొనడం అక్కడ పుట్టినవాళ్లకు తాహతుకి మించిన మాట. కొనేది విదేశీయులు, కొనేది దృశ్యం కోసం. చిల్లుకి ధర కట్టిన కథ గుర్తుంది కదా. ఆనాడు అది జోకు, ఇప్పుడు రియల్ ఎస్టేట్ ప్రకటన.

గోడల సమస్య వేరు. ఆలివ్ నూనెకు గిట్టుబాటు లేక తోటలు వదిలేస్తే, ఒక వాన కాలంలో గోడ ఒకచోట ఉబ్బుతుంది, మరుసటి ఏడు కూలుతుంది, ఆ పైన మట్టంతా జారిపోతుంది. 1980ల చివరికి మర్జేర్లు ముసలివాళ్లైపోయి పని తెలిసినవాళ్లే కరువయ్యారు. అప్పుడు ద్వీపం పాలకులు కుర్రాళ్లకు ఆ పని నేర్పే బడి పెట్టించారు. సున్నం లేకుండా రాయి పేర్చే ఈ విద్యను 2018లో యునెస్కో స్పెయిన్‌తో పాటు మరికొన్ని యూరప్ దేశాల పేరిట అవ్యక్త వారసత్వంగా, అంటే కట్టడంగా కాక మనుషుల చేతి విద్యగా నిలిచే వారసత్వంగా గుర్తించింది. ఎస్టేటును బాగు చేయించడానికి ఒక రాజకుమారుడి డబ్బు ఒక తరానికి సరిపోతుంది. గోడకి మాత్రం ప్రతి తరంలోనూ మనిషి కావాలి.

ఆర్చ్‌డ్యూక్ దారి ఇప్పటికీ నడవొచ్చు. అయితే వాల్దెమోసా పైన అడవిలో ఒక భాగం ప్రైవేటు ఎస్టేట్ల మీదుగా పోతుంది. అక్కడ నల్ల రాబందులు గూళ్లు పెడతాయి. జనం ఎక్కువైపోయారని రోజుకు ఇంతమందే అని పరిమితి పెట్టి, ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లను మాత్రమే పంపుతున్నారు. కొండ దిగి కొంచెం ముందుకెళితే, ఎవరినీ పేరు అడగకుండా మూడు రోజులు ఉండనిచ్చిన సత్రం ఉన్న చోటు వస్తుంది.